పదిహేడో చెట్టు మీద ఎడమచేతి గీత

“మేస్త్రిని ఆఖరిసారి ఎప్పుడు చూశావు తాతా?”

“పొద్దు వాలేటప్పుడమ్మా.”

“పొద్దుకి వాలడం తప్ప వేరే పనేముంది? రోజూ వాలుతుంది. నాకు గంట కావాలి. గంట!”

ఇందుకే ఆమెను అందరూ గంటక్క అంటారు. ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో నిద్రపోతోంది, గంట మాత్రం పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. పదిహేనేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళ మాట పడలేక పైమాట అనేసి బయటికొచ్చింది. ఇప్పుడు తన ఇంటి ముందుగదిలోనే సొంత డిటెక్టివ్ ఆఫీసు. ఆ గదిలో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక బీరువా, ఒక కోపం. బీరువాకి తాళం ఉంది. కోపానికి లేదు.

ఆ ఉదయం ఆ కోపం తాటి పాకం కాచే షెడ్డులో, పొయ్యి కంటే ఎక్కువగా మండుతోంది. చేతి గడియారంలో తొమ్మిదీ ఇరవై. పన్నెండింటికి ఒక అమాయకుణ్ణి కోర్టులో నిలబెట్టబోతున్నారు.

జరిగింది ఇంత. తాటితోటలో గీత పని చేసే మేస్త్రి పదిహేడో నంబరు చెట్టు మొదట్లో చచ్చిపడి ఉండగా, పొద్దున్న ఐదూ నలభైకి పాకం కాచే తాత చూశాడు. ఆరున్నరకి ఇన్‌స్పెక్టరు దిగాడు. ఏడింటికల్లా మేస్త్రి అల్లుడి చేతికి సంకెళ్ళు పడ్డాయి. మేస్త్రి నడుముకి కట్టుకుని చెట్టెక్కే మోకు సగానికి కత్తితో కోసి ఉందట, మోకులు చూసుకునేది అల్లుడట, మామా అల్లుళ్ళకి మొన్న మాటామాటా వచ్చిందట. ముప్పై నిమిషాల్లో కేసు ముగిసింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు. ఎనిమిదింటికి మేస్త్రి కూతురు గంటక్క గుమ్మంలో నిలబడి, “అక్కా, తండ్రి పోయాడు. మొగుణ్ణి కూడా పోనివ్వకండి” అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే గంటక్కకి ఇంత కోపం వచ్చేది కాదేమో.

“నాలుగున్నరకి,” అన్నాడు తాత చివరికి. వయసు డెబ్బైకి దగ్గర. ఒక మోకాలు వంగిపోయి, నడిస్తే ఒకవైపు ఒరిగిపోతాడు. ఎడంచేత్తో పెద్ద గరిటె పట్టుకుని మూకుడు అడుగు గీకుతున్నాడు, మూకుడు ఖాళీగా ఉన్నా. “నా ముందే పన్నెండో చెట్టు దిగాడు.”

“ఏ పూటకి ఎన్ని చెట్లు?”

“పొద్దున ఇరవైనాలుగు, సాయంత్రం అవే ఇరవైనాలుగు. గెల చివర పల్చగా చెక్కితే రసం ధార కడుతుంది. కింద ముంత కడతాం. రోజుకి రెండుపూటలా చెక్కాలి, నిండిన ముంత దించాలి, సున్నం పూసిన కొత్తది కట్టాలి.”

“సున్నం ఎందుకు?”

“పులవకుండా. సున్నం లేకపోతే తెల్లారేసరికి కల్లు. మాకు కావాల్సింది పాకం. ఈ తోటలో కల్లు దిగదమ్మా. మేస్త్రి వాసన కూడా చూడడు.”

“మరి మా ఇన్‌స్పెక్టరు గారి కాగితంలో ‘మద్యం మత్తులో’ అని కూడా ఉందే?”

తాత గరిటె ఆగింది. “తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కొత్తేముంది?”

“నాలుగున్నర తర్వాత నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. ఈ పొయ్యి దగ్గరే.”

“ఎన్నింటిదాకా?”

“చీకటి పడేదాకా.”

“చీకటి నా గడియారంలో లేదు తాతా.”

“ఏడింటిదాకా! నేను కుంటోణ్ణి, ఎక్కడికి పోతాను? పదేళ్ళ నుంచి చెట్టు మొదలు తాకలేదు. నన్నెందుకమ్మా పీక్కుతింటారు?”

తాతలో ఉన్నది కోపం కాదు, భయం. భయపడ్డవాడు తలుపు చూస్తాడు, తాత కిటికీలోంచి రోడ్డు మీది జీపును చూస్తున్నాడు. గంటక్క ఆ చూపుని గుర్తుపెట్టుకుంది. “మేస్త్రికి ఎవరితోనైనా గొడవలున్నాయా? అల్లుడు కాకుండా.”

“తోట సరిహద్దు రాళ్ళు ఎవరో జరిపారని అరిచేవాడు. వచ్చే నెల ఈ తోట కొట్టేసి గోదాము కడతారంట గదా. రాయి జరిగితే చెట్లు వాళ్ళ వైపు పోతాయి. ఎవరికి చెప్పినా...” తాత మాట మింగేశాడు. “నాకు తెలియదమ్మా. పాకం మాడుతోంది.”

మూకుడులో మాడడానికేమీ లేదు. పొద్దుటి రసం దిగనేలేదు.

*

పదిహేడో చెట్టు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు, చెట్టుకి పోటీగా. పొడుగులో చెట్టే గెలిచింది, బిగువులో ఆయన. పక్కన హెడ్డు కానిస్టేబులు నోటుపుస్తకం పట్టుకుని ఉన్నాడు. మేస్త్రి కూతురు కాస్త దూరంగా, చేతులు కట్టుకుని.

“రండి వదినా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఔను, వదినే. సర్వేయరుగా పనిచేసే ఆమె భర్తకి ఈయన సొంత తమ్ముడు. ఇంట్లో ఆమె చేతి కాఫీ తాగి, ఆఫీసులో ఆమె కేసులు తాగేసే మరిది.

“రమ్మన్నావు గదా అని మర్యాదనుకోను. ఎక్కడ పడ్డాడు?”

“ఇక్కడ. వెల్లకిలా. తల వెనక పగిలింది. నిన్న సాయంత్రం ఐదున్నర ప్రాంతం. పదహారు చెట్లు అయ్యాయి, ఇది పదిహేడు. మోకు తెగింది. అంతే.”

“మోకు ఎప్పుడు కోశాడంటావు అల్లుడు?”

“మధ్యాహ్నం. నాలుగింటికి వాడు పాకం డబ్బాలు వేసుకుని వ్యానులో టౌనుకి పోయాడు. తొమ్మిదికి వచ్చాడు. వెళ్ళేముందే కోసి ఉంటాడు.”

“మధ్యాహ్నం సగం కోసిన మోకు మూడింటి నుంచి పదహారు చెట్లు ఓపిక పట్టి, పదిహేడో చెట్టు రాగానే రాజీనామా ఇచ్చిందా?”

“వదినా, మోకు అన్నది కొంచెం కొంచెంగా—”

“నీ బుర్రలా తెగుతుందంటావు.”

హెడ్డు దగ్గాడు. దగ్గు నవ్వుకి పెద్దన్నయ్య అని ఇన్‌స్పెక్టరుకి తెలుసు, అటు ఒక చూపు చూశాడు.

గంటక్క మోకాళ్ళ మీద కూర్చుంది. చెట్టు మొదట్లో ఎండుటాకులు, మనిషి పడ్డంత మేర నలిగిన గడ్డి. మట్టి మెత్తగా ఉంది. అరచేత్తో నొక్కితే వేళ్ళు దిగుతున్నాయి. అరవై అడుగుల మీంచి పడ్డ మనిషి గుర్తు మాత్రం అందులో లేదు, నిద్రపోయిన మనిషి గుర్తు ఉంది. ఆమె నేలకి ముఖం ఆనించేంత వంగి చూసింది. కుడివైపు, ఎడమవైపు. చెట్టు చుట్టూ మోకాళ్ళ మీదే తిరిగింది. చీర మట్టి కొట్టుకుంది.

“ఏం వెతుకుతున్నారు వదినా? పోయిన ఉద్యోగమా?”

“చీమల్ని.”

“చీమలా!”

“ఒక్కటి లేదు. చూడు. దిగేటప్పుడు పడ్డాడా, ఎక్కేటప్పుడు పడ్డాడా?”

“ఎప్పుడు పడితే ఏం?”

“ఏం ఏంటయ్యా? దిగేటప్పుడైతే నడుముకి నిండు ముంత ఉంటుంది. పడితే ముంత వెయ్యి ముక్కలవ్వాలి, తియ్యటి రసం నేలంతా అవ్వాలి, పొద్దున్నకల్లా ప్రపంచంలోని చీమలన్నీ ఇక్కడ సభ పెట్టాలి. పెంకు ముక్క లేదు, చీమ లేదు. అంటే దిగేటప్పుడు పడలేదు.”

“అయితే ఎక్కేటప్పుడు పడ్డాడు. నేను కాదన్నానా?”

“ఎక్కేటప్పుడు పడితే పైన ముంత మార్చలేదు. గెల చెక్కలేదు. నిన్న పొద్దున కట్టిన ముంతే ఉండాలి. ఈపాటికి నిండి, పొర్లి, పులిసి, నురగలు కక్కుతూ ఉండాలి. ఔనా కాదా?” చివరి మాట మేస్త్రి కూతురి వైపు తిరిగి అడిగింది.

“ఔనక్కా. చెక్కు కూడా ఎండి నల్లబడి ఉంటుంది.”

“అయితే పైకెక్కి చూద్దాం.”

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. ముఖంలో మరిది పోయి, యూనిఫాం మిగిలింది. “ఎవరూ ఎక్కడానికి వీల్లేదు. ఇది నేరం జరిగిన స్థలం.”

“నేరం కింద జరిగిందన్నావు. పైన నీకేం పని?”

“వదినా! వచ్చే నెలకి ఈ చెట్లే ఉండవు. సర్వే కూడా అయిపోయింది. కొలిచింది మా అన్నయ్యే. రేపు కొట్టెయ్యబోయే చెట్టెక్కి ఇవాళ ఏం సాధిస్తారు?”

“తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట ఒకడు. నాకు గడ్డి అక్కర్లేదు, నీకు పెట్టడానికి తప్ప! ఆపాలంటే కాగితం చూపించు. పైకెక్కకూడదని కాగితం ఉందా?”

లేదు. ఉంటే ఆయన ఈపాటికి ఊపేవాడు.

“తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు, వదినా. జాగ్రత్త.” గొంతు తగ్గించి అన్నాడు.

“ఈ తాటాకు చప్పుళ్ళు కుందేళ్ళ దగ్గర చెయ్యి.”

“సరే, ఎక్కేదెవరు?” ఇన్‌స్పెక్టరు చేతులు చాపాడు. “గీసేవాళ్ళు ఇద్దరు. ఒకడు చచ్చాడు, ఒకడు లోపలున్నాడు. తాత కుంటివాడు. మీరెక్కుతారా?”

“నేనెక్కుతాను,” అంది మేస్త్రి కూతురు.

*

ఇంటి నుంచి తెచ్చిన మోకు ఆమె భుజానే ఉంది. పన్నెండో ఏట తండ్రి నేర్పాడట. పెళ్ళయ్యాక మానేసిందట. చెట్టు చుట్టూ, నడుము చుట్టూ మోకు వేసుకుని, రెండు పాదాలూ కలిపి, వెనక్కి వాలి, మోకు పైకి విసిరి, పాదాలు పైకి లాగి... ఎనిమిది నిమిషాల్లో ఆకుల్లో కలిసిపోయింది. గంటక్క గడియారం చూసింది. పదీ యాభై.

షెడ్డులోంచి తాత కూడా వచ్చి నిలబడ్డాడు. పైకి చూస్తున్నాడు. కిందనే ఉన్నా వేళ్ళు మాత్రం మోకు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

“ఏం కనిపిస్తోందే?” గంటక్క అరిచింది.

“ముంత మెడదాకా నిండిందక్కా! పొర్లలేదు!”

“రుచి చూడు!”

పైన ఆకులు కదిలాయి. తర్వాత, “తియ్యగా ఉంది! సున్నం కొత్తగా ఉంది! నిన్న సాయంత్రం కట్టిన ముంతే!”

“గెల?”

“తడిగా ఉంది! నిన్న సాయంత్రమే చెక్కారు!”

గంటక్క మరిది వైపు తిరిగింది. “విన్నావా? నిన్న సాయంత్రం ఒకరు ఈ చెట్టెక్కారు. గెల చెక్కారు. పాత ముంత దించుకుని, కొత్తది కట్టి, నేల మీద చుక్క పడకుండా దిగిపోయారు. పనంతా అయ్యాక చెట్టు మీంచి ఎవడయ్యా పడేది? దిగాక పడ్డాడంటావా? నేల మీంచి నేల మీదికి?”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “అయితే దిగాక అల్లుడు కొట్టి చంపాడు.”

“అల్లుడు నాలుగింటి నుంచి తొమ్మిదిదాకా టౌనులో ఉన్నాడన్నది నువ్వే. అరగంట కిందట. నీ మాట నువ్వే వినకపోతే ఎవరు వింటారు?”

“రాత్రి వచ్చాక—”

“రాత్రి మేస్త్రి ఇక్కడ చుక్కలు గీస్తున్నాడా? కాకి వాలగానే తాటిపండు పడితే కాకతాళీయం. నువ్వు వాలిన ప్రతి చోటా ఒక అమాయకుడు పడుతున్నాడే, దీన్నేమంటారు?”

పైనుంచి కేక వినిపించింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. “అక్కా! ఇది నాన్న గీత కాదు!”

“ఏంటి?”

“నాన్న చెక్కు కుడివైపు వాలుతుంది! మా ఆయనదీ అంతే! ఇది ఎడమవైపు వాలింది! ఎడమచేతి గీత!”

గంటక్క లోపల లెక్క వేసుకుంది. మనిషిని చంపినవాడికి చెట్టుతో పనేమిటి? చంపి పారిపోతాడు. పారిపోకుండా, అరవై అడుగులు ఎక్కి, గెల చెక్కి, సున్నం పూసిన ముంత కట్టి దిగేవాడు హంతకుడు కాదు. ఒక్క పూట గీత తప్పితే చెట్టు పాడవుతుందని ప్రాణం కొట్టుకున్నవాడు. అలాంటివాణ్ణి బెదిరిస్తే బెదరడు. బతిమాలితే కరగడు. వాణ్ణి కొట్టాలంటే ఒకే చోట కొట్టాలి.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, తోటంతా వినపడేలా అంది. “ఎడమచేతి గీతా? అదీ ఒక గీతేనా! ఎవడో పని రాని దద్దమ్మ గొడ్డలితో నరికినట్టు నరికాడు. అంత మందాన చెక్కితే గెల వారం తిరక్కుండా చస్తుంది. వీడికి కత్తి ఇచ్చినవాణ్ణి అనాలి!”

“మందమా?”

ఆ గొంతు పెద్దది కాదు. కానీ వణికింది.

“మందమే. దరిద్రప్పని!”

“నా గీత మందమా!” తాత ముందుకు దూకాడు. వంగిన మోకాలు వంగినట్టే ఉంది, మనిషి మాత్రం నిటారుగా నిలబడ్డాడు. “యాభై ఏళ్ళు గీశా! ఉల్లిపొర పల్చన గీస్తా! నీ మేస్త్రికి కత్తి పట్టడం నేర్పింది ఈ చెయ్యి! కొత్తగా ధార పడ్డ గెల అది, ఒక్క పూట చెక్కకపోతే మూసుకుపోతుంది, ఏడాదంతా మళ్ళీ రాదు! చూస్తూ ఊరుకోమంటావా? దద్దమ్మ ఎవరు? దరిద్రప్పని ఎవరిది? ఎక్కి చూడు, ఎక్కి చూసి మాట్లాడు!”

చెప్పడం అయ్యాక చెప్పింది ఏమిటో తెలిసింది. నోరు రెండు చేతులతో మూసుకున్నాడు.

గంటక్క దగ్గరకు వెళ్ళి ఆ చేతులు పట్టుకుని కిందకు దించింది. “ఉల్లిపొరే తాతా. నాకు తెలుసు. నీ పని మీద మన్ను పోసినందుకు క్షమించు. ఇప్పుడు చెప్పు. ఎన్నింటికి ఎక్కావు?”

“ఆరింటికి.” తాత ఇన్‌స్పెక్టరు వైపు చూడకుండా చెప్పాడు. “ఆరున్నరకల్లా దిగా.”

“ఎవరి మోకుతో?”

“మేస్త్రిదే. ఇక్కడ, ఈ మొదట్లో పెట్టి వెళ్ళాడు. మోకు, కత్తి, సున్నపు ముంత, అన్నీ.”

“మోకు బాగానే ఉందా?”

“బాగాలేకపోతే నేను ఈపాటికి బతికుంటానా అమ్మా?”

హెడ్డు పెన్ను దానంతటదే కదిలింది. ఆరున్నరకి మోకు నిక్షేపంలా ఉంది. అల్లుడు టౌనులో ఉన్నాడు. ఆ తర్వాత మోకు కోసినవాడు, పడిపోవడానికి కాదు కోసింది, పడిపోయాడని చెప్పడానికి.

“నువ్వు దిగేటప్పటికి ఇక్కడ శవం ఉందా?”

“ఏమీ లేదు. గడ్డి కూడా నలగలేదు. ఆ రసం నేనే పొయ్యి మీద పోశా.”

“మరి మేస్త్రి ఎక్కడ?”

తాత పెదవులు తడుపుకున్నాడు. “ఐదుంబావుకి జీపొచ్చింది. సరిహద్దు రాళ్ళు చూపిస్తా రమ్మన్నాడు. మేస్త్రి పని మధ్యలో వదిలేసి ఎక్కాడు. పని మధ్యలో వదలడం నేను ఎప్పుడూ చూడలేదు. అందుకే గుర్తుంది.”

“ఏ జీపు?”

తాత వేలు చూపించలేదు. కళ్ళు చాలు. రోడ్డు మీద, నీలం దీపం ఉన్న జీపు.

“పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికి చెప్పనమ్మా? ఆ జీపులోంచి దిగినవాళ్ళకా?”

గంటక్క లోపల ఇంతసేపూ మండింది అగ్గిపుల్ల. ఇప్పుడు కట్టెలు అంటుకున్నాయి. “నువ్వా!” మరిది చొక్కా పట్టుకోవడానికి ఒక్క అడుగు వేసింది.

“ఈయన కాదమ్మా,” అన్నాడు తాత. “నడిపింది ఇంకొకాయన. కళ్ళజోడు. చెవి మీద సగం ఎరుపు సగం నీలం పెన్సిలు.”

ఆ పెన్సిలు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆమె ఇంట్లోనే ముక్కు చెక్కించుకుని బయలుదేరుతుంది.

అడుగు అక్కడే ఆగిపోయింది.

*

“తాతా, నువ్వు షెడ్డులోకి వెళ్ళు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “హెడ్డూ, నువ్వూ వెళ్ళు.”

“ఎవరూ కదలకండి,” అంది గంటక్క.

ఇన్‌స్పెక్టరు దగ్గరగా వచ్చాడు. ఇంట్లో మాట్లాడే గొంతుతో మాట్లాడాడు. “వాళ్ళ ఆఫీసు జీపు రిపేరులో ఉందని అడిగితే ఇచ్చాను. ఏడింటికి అన్నయ్య వణుకుతూ వచ్చాడు. రాళ్ళు ఎందుకు జరిపావని మేస్త్రి చొక్కా పట్టుకున్నాడట. అన్నయ్య తోశాడట. మేస్త్రి వెనక్కి పడ్డాడు, తలకి ఆ రాయే తగిలింది. కావాలని చెయ్యలేదు వదినా. అన్నయ్య చీమకి కూడా హాని చెయ్యడు.”

“నిజమే. రాళ్ళు మాత్రం జరుపుతాడు.”

“నేనేం చెయ్యను? సొంత అన్న! చీకటి పడ్డాక తెచ్చి ఇక్కడ పెట్టాను. పనిముట్లు ఈ చెట్టు దగ్గరే ఉన్నాయి, పడ్డాడంటే నమ్ముతారనుకున్నా. ఊరికే జారి పడ్డాడంటే కూతురు ఒప్పుకోదేమోనని మోకు కోశా.”

“కోసి, ఆ కూతురి మొగుణ్ణే లోపలేశావు.”

“రెండేళ్ళలో బయటికొచ్చేస్తాడు వదినా! సాక్ష్యం ఏముంది గట్టిగా? నేను చూసుకుంటాను. మీ ఇల్లు, మీ సంసారం, మీ మర్యాద, ఇదంతా ఎవరి కోసం చేశాననుకుంటున్నారు? మీ కొంప మీరే కూల్చుకుంటారా?”

“నా కొంప!” ఆమె అరుపుకి పై ఆకుల్లోంచి రెండు పిట్టలు లేచాయి. “నా కొంప నిలబెట్టడానికి ఆ పిల్ల కొంప గుంజ పీకావా? దాని తండ్రిని మట్టిలో పడేసి, తాగుబోతని రాసి, మొగుడి చేతికి సంకెళ్ళేసి, ఆ చేతుల్తోనే పొద్దున్న ఏడున్నరకి మా ఇంటికొచ్చి కాఫీ తాగావు! పంచదార తక్కువైందన్నావు! ఎలా దిగిందయ్యా గొంతు?”



వెనక మోకు జారిన చప్పుడు వినిపించింది. మేస్త్రి కూతురు దిగింది. ఎంతసేపైందో ఎవరూ చూడలేదు. మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. పైనుంచి తెచ్చిన ముంత రెండు చేతులా పట్టుకుని ఉంది, చుక్క ఒలకలేదు. దాన్ని జాగ్రత్తగా తాత చేతికి ఇచ్చింది. గంటక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

“మొత్తం విన్నాను,” అంది. “అక్కా, ఇప్పుడు కూడా నా వైపేనా?”

 ఆ ప్రశ్నలో అనుమానం ఉన్నందుకు గంటక్కకి కోపం రాలేదు. ఆ రోజు మొత్తంలో ఆమెకి కోపం రాని మొదటి నిమిషం అదే. గడియారం చూసింది. పదకొండూ ఇరవై. కోర్టు పావుగంట దూరం.

“హెడ్డూ, వాంగ్మూలం రాసుకో. తాతది మొదట, తర్వాత నాది.”

“రాయకు!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

హెడ్డు చేతిలో పెన్ను గాలిలో ఆగింది. ఒకవైపు ఉద్యోగం, ఒకవైపు గంటక్క. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన పక్క చూపులు చూడటమే తప్ప పక్క ఎంచుకోలేదు. తాత చేతిలోని ముంత చూశాడు. మేస్త్రి కూతురి మోచేతులు చూశాడు.

“సార్, జీపు తాళాలు ఇలా ఇవ్వండి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఇవ్వలేదు. హెడ్డే వెళ్ళి ఆయన నడుము పట్టీ నుంచి తీసుకున్నాడు. ఆయన అడ్డుపడలేదు. “వదినా,” అన్నాడు, అంతే. 

హెడ్డు కొత్త పేజీ తిప్పాడు. తేదీ వేశాడు. సమయం వేశాడు. కింద ‘నిందితుడు’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు. “పేరమ్మా?”

ఇరవై రెండేళ్ళ కాపురంలో ‘ఏమండీ’ అని తప్ప ఆమె పిలవని మనిషి. ఆమె ఇంటిపేరుతో మొదలుపెట్టి, అక్షరం అక్షరం విడదీసి, హెడ్డు తప్పు రాయకుండా ఉండేంత నిదానంగా, ఆ పేరు మొత్తం చెప్పింది.